పెరటి సంచులలో విత్తనపు దుంపలు
(ఉద్దానపు పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

పలాస, వజ్రపుకొత్తూరు, మందస మొదలుకొని సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము వరకు సముద్రతీరమును ఆనుకొనియున్న తోటల సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లే ఇచ్చటి కుటుంబములకు జీవనాధారము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపముననే తీరమును దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. తాతలనాటి చెట్లు గంటల కాలములో నేలగూలినవి.

చెట్టు పడిన చోట వెంటనే మరియొక చెట్టు నాటవచ్చును. కాని దేశవాళి కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. అంతవరకు చెట్ల వరుసల నడుమనున్న నేలనుండి ఏదో ఒక ఆదాయము రావలెను గదా! గాలికి చిక్కక మట్టిలో దాగియుండు దుంప పంట ఇట్టి చోట రైతునకు అండగా నిలువగలదు. అయితే దుంప పంటకు పెట్టుబడిలో పెద్ద భాగము విత్తనమునకే పోవును. గింజ పంటకు ఎకరమునకు కొన్ని కిలోల విత్తనము చాలును. దుంప పంటకు టన్నుల లెక్కన కావలెను. ఆ విత్తనమును ఇంటి పెరటిలో, పాత సంచులలో తయారు చేసికొను విధమును వివరించుట ఈ పాఠమునకు ఉద్దేశము.

బంగాళాదుంప సంగతి

సంచులలో దుంపలు అనగానే అనేకులు మొదట బంగాళాదుంపను తలచుదురు. పట్టణములలో మేడలపై సంచులలో బంగాళాదుంప పండించుట నేడు వాడుకలోనికి వచ్చినది. కూరకొరకు ఉద్దానములో గూడ దానిని పండింపవచ్చును. విత్తనముకొరకు మాత్రము అది ఇచ్చట తగదు. కారణములను సభ్యులు తెలిసికొని యుండుట మంచిది. ఏలయనగా గ్రామములో ఎవరైనను ఈ ఆశతో డబ్బు వెచ్చించునపుడు ముందుగా హెచ్చరింపవలసినవారు పంచాయతీవారే.

మొదటి కారణము వేడి. బంగాళాదుంప దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో పుట్టిన పంట. రాత్రి చల్లదనము 15 నుండి 20 డిగ్రీల మధ్య నున్నపుడే దాని వేళ్ళచెంత దుంపలు చక్కగా ఊరును. రాత్రులు అంతకంటె వెచ్చగా నున్నచో ఆకు ఏపుగా పెరుగును గాని దుంప ఊరదు. మన తీరమున అట్టి చలి నవంబరు చివరనుండి ఫిబ్రవరి మొదటివరకే యుండును.

రెండవ కారణము తెగులు. ఆకుల రసమును పీల్చు పేనుబంక ఒక మొక్కనుండి మరియొక మొక్కకు వైరస్ తెగుళ్ళను చేరవేయును. తెగులు సోకిన మొక్క దుంపను మరల నాటినచో తెగులు ఏటేట పెరిగి, దిగుబడి ఏటేట తగ్గును. భారతదేశములో బంగాళాదుంప పరిశోధనకై 1949లో పాట్నాలో స్థాపింపబడి 1956లో సిమ్లాకు తరలిన కేంద్ర పరిశోధనా సంస్థ ఈ చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టినది. ఉత్తరాది మైదానములలో పేనుబంక తక్కువగా నుండు శీతకాలములో విత్తనపు పైరు వేసి, ఆ పురుగు పెచ్చుపెరుగక మునుపే పై తీగను కోసివేయుదురు. 1959 ప్రాంతమున పుష్కరనాథుగారి కృషివలన ఈ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. అంత దీర్ఘమైన చలికాలము మన తీరమునకు లేదు.

మూడవ కారణము నిలువ. ఫిబ్రవరిలో త్రవ్విన దుంప మరల నవంబరులో నాటువరకు తొమ్మిది నెలలు నిలువయుండవలెను. అందుకు 2 నుండి 4 డిగ్రీల శీతలగిడ్డంగి కావలెను. మన వేసవిలో ఇంటి అటుకపై నుంచిన దుంప మొలచి, ముడుచుకొని, క్రుళ్ళిపోవును.

కూరకొరకు ప్రయత్నింపదలచినవారు నవంబరు రెండవ పక్షములో, వేడిని కొంత ఓర్చు కుఫ్రీ సూర్య వంటి రకపు ధ్రువీకృత విత్తనమును నాటవలెను. సంచికి రెండు దుంపలు చాలును. మొక్క పెరుగుకొలది మొదటికి మట్టి ఎగద్రోయుచుండవలెను. ఎండ తగిలి పచ్చబడిన దుంప విషకరము, దానిని పారవేయవలెను. మరియొక జాగ్రత్త కలదు. అంగడి దుంపను తెచ్చి నాటినచో దానితోపాటు ఎండుతెగులును కలుగజేయు సూక్ష్మజీవి మన మట్టిలోనికి రావచ్చును. అది వంగ, టమాట, మిరప పైరులను గూడ చంపును. కావున బంగాళాదుంప పండించిన సంచి మట్టిని ఆ మడులలో ఎన్నడును పోయరాదు.

కంద మన నేలకు తగిన పంట

కందకు వేడి, తేమ, చెట్ల పలుచని నీడ ఇష్టము. కోనసీమ కొబ్బరితోటలలో ఇది అంతరపంటగా చిరకాలమునుండి పండుచున్నది. దుంపను త్రవ్విన పిదప రెండు నెలలకు పైగా అది నిద్రావస్థలో నుండును, శీతలగిడ్డంగి అక్కరలేదు. సంక్రాంతి ప్రాంతమున త్రవ్విన దుంప వేసవివరకు ఇంటనే నిలువయుండి, నాటు కాలమునకు తానే మొలకెత్తును. బంగాళాదుంపకు ఏ మూడు కారణములు అడ్డుతగిలెనో, వానిలో వేడి, నిలువ అను రెండును కందకు అడ్డుకావు. మూడవదియగు తెగులు విషయములో జాగ్రత్త వహించినచో చాలును.

గోదావరి తీరమున కొవ్వూరులోని పరిశోధనా స్థానమునందు ఎన్నిక చేయబడిన గజేంద్ర అను రకము నేడు దేశమంతట ప్రసిద్ధమైనది. దీనికి దురద మిక్కిలి తక్కువ. ప్రక్క పిలకలు పుట్టక ఒకే నున్నని దుంప ఊరును. దుంప పంటల కేంద్ర పరిశోధనా సంస్థ 1963లో తిరువనంతపురములో నెలకొల్పబడినది. దాని ప్రాంతీయ కేంద్రము భువనేశ్వరములో కలదు. పలాసవారికి అది ఒకే రైలుదారిలోనున్న ఊరు. చిన్న ముక్కలతో విత్తనము వృద్ధిచేయు పద్ధతిని ఆ సంస్థ ప్రచారము చేయుచున్నది. వాడుక పద్ధతిలో అరకిలో నుండి కిలో వరకు తూగు ముక్కను నాటుదురు. చిన్న ముక్కల పద్ధతిలో 100 గ్రాముల ముక్కనే నాటి, మొదటి ఏడు విత్తనపు దుంపను పెంచి, రెండవ ఏడు దానిని ముక్కలు చేయకయే పొలములో నాటుదురు. కోత లేని దుంప నాటినచో మట్టిలో క్రుళ్ళుట తక్కువ.

సంచులే ఏల?

సొంత భూమి గలవారు 100 గ్రాముల ముక్కలను 60 సెంటీమీటర్ల వరుసలలో 45 సెంటీమీటర్ల ఎడమున మడిలోనే నాటుకొనవచ్చును. సంచి పద్ధతి ముఖ్యముగా భూమి లేనివారికి, చిన్న పెరడు మాత్రమే గలవారికి ఉపయోగించును. తీరపు ఇసుక నేలలో వేసిన ఎరువు వానకు క్రిందికి దిగిపోవును; సంచిలో కొంత నిలుచును. తెగులు కనిపించిన మొక్కను సంచితోసహా దూరముగా తీసివేయవచ్చును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు సంచులను గోడచాటునకు చేర్చవచ్చును.

సంచిని సిద్ధపరచుట

ఎనిమిది నెలల పంట గనుక సంచి అన్నాళ్ళు నిలువవలెను. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలలో ఖాళీ గోనెసంచులు దొరకును గాని, వానకాలములో గోనె మూడు నాలుగు నెలలకే చివికిపోవును. బియ్యపు సంచి, ఎరువు సంచి వంటి ప్లాస్టిక్ నేత సంచులు ఇందుకు మేలు. ఎరువు సంచిని రెండు మూడుమారులు కడిగి వాడవలెను. పురుగుమందు ఉంచిన సంచిగాని డబ్బాగాని ఏ కారణముచేతను వాడరాదు. ఎండకు ప్లాస్టిక్ పోగులు చిట్లిపోవును; కనుక సంచి పైయంచును మడిచి, చెట్టునీడ పడు చోట నుంచవలెను. పంట ముగియగానే చినిగిన సంచులను ఏరి పంచాయతీ చెత్తబండికి ఇయ్యవలెను, తోటలో వదలరాదు.

సంచి అడుగున అయిదారు రంధ్రములు, అడుగునుండి రెండు అంగుళముల ఎత్తున చుట్టును మరి నాలుగు రంధ్రములు చేయవలెను. కందకు నీరు నిలిచినచో మొదలు క్రుళ్ళు తెగులు వచ్చును. రంధ్రములు లేని సంచి పంటకు సమాధి వంటిది.

సంచిలో సుమారు 20 లీటర్ల మిశ్రమము నింపవలెను. ఎఱ్ఱమట్టి ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, చివికిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలుపవలెను. కొబ్బరిపొట్టు మన సీమలో విరివిగా దొరకును గాని పచ్చిపొట్టును వాడరాదు. దానిలోని వగరు పదార్థములు వేళ్ళకు హానిచేయును. ఉప్పునీట నానిన పీచునుండి వచ్చిన పొట్టులో ఉప్పు గూడ ఉండును. పొట్టును కుప్పవేసి, వానకు తడియనిచ్చి, పేడనీరు చల్లుచు, నల్లబడువరకు చివుకనీయవలెను. జీడిపిక్కల పెంకును మాత్రము మిశ్రమములో కలుపరాదు. దానిలోని నూనె చర్మమును పొక్కించునంత ఘాటైనది.

ముక్క కోయుట, నాటుట

ఏప్రిల్, మే నెలలు నాటుటకు అనువైనవి. గట్టిగా, గాయములు లేకుండ నున్న దుంపను ఎన్నుకొనవలెను. కంద దుంపకు నడినెత్తిన కన్ను ఉండును. దుంపను అడ్డముగా చక్రములవలె కోసినచో కన్ను లేని ముక్కలు సరిగా మొలవవు. పుచ్చకాయ బద్దలవలె పైనుండి క్రిందికి, ప్రతి ముక్కకును కన్ను అంచు కొంత దక్కునట్లు కోయవలెను. కోయువారు చేతులకు నూనె రాచుకొన్నచో దురద తగ్గును. ముక్క బరువు 100 గ్రాములకు తగ్గకుండ చూడవలెను.

ముక్కలను చిక్కని పేడనీటిలో ముంచి నీడన ఆరబెట్టవలెను. ఆ నీటిలో ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రపు పొడిని పొట్లముపై వ్రాసిన మోతాదున కలిపినచో క్రుళ్ళు తెగులు తగ్గును. సంచి మూడు పాళ్ళు నింపి, ముక్కను కన్ను పైకి నుండునట్లు పెట్టి, నాలుగు అంగుళముల మందమున మిశ్రమము కప్పి, పైన ఎండిన కొబ్బరాకు పరువవలెను. సంచికి ఒక ముక్క మాత్రమే నాటవలెను. నెల దినములలో మొలక పైకి వచ్చును.

పోషణ

తొలకరి వరకు రెండు మూడు దినములకొకసారి నీరు చాలును. కుళాయి ద్వారా వచ్చు త్రాగునీటిని సంచులకు పోయరాదు. బియ్యము, కూరలు కడిగిన నీరు ఇందుకు సరిపోవును, సబ్బునీరు పోయరాదు. రెండవ నెలలోను, నాలుగవ నెలలోను సంచికి రెండు గుప్పెళ్ళ వానపాముల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి వేసి మట్టి ఎగద్రోయవలెను. ఆకులపై పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసి ముడుచుకొన్న మొక్క కనిపించినచో అది వైరస్ తెగులు. దాని దుంపను విత్తనమునకు ఉంచరాదు. ఇంటి గోడ ప్రక్కన, పిల్లలు తిరుగు చోట పురుగుమందులు చల్లుట వలదు. పందికొక్కులు తిరుగు చోట సంచులను రాతిపలకలపై నుంచవలెను.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. అప్పటికి దుంప చాలవరకు ఊరియుండును. గాలికి కాడ విరిగినను వెంటనే త్రవ్వరాదు. సంచిని వాన తగులని చోటికి చేర్చి, కాడ పూర్తిగా ఎండిన పిమ్మటనే దుంపను తీయవలెను.

త్రవ్వుట, నిలువ

ఆకు పసుపురంగు తిరిగి వాలిపోవుట దుంప పండినదనుటకు గుర్తు. డిసెంబరు, జనవరి నెలలలో సంచిని ప్రక్కకు వంచి, దుంపకు గాయము కాకుండ తీయవలెను. వారము దినములు నీడన ఆరనిచ్చి, గాలి తగులు గదిలో పొడి ఇసుకపై ఒకే వరుసగా పేర్చవలెను. కుప్పగా పోయరాదు. పదునైదు దినములకొకమారు చూచి, మెత్తబడినవానిని, తెల్లని పిండినల్లి పట్టినవానిని వేరుచేయవలెను. ఖాళీయైన సంచి మట్టిని కొబ్బరి పాదులలో పోయుట మేలు. అదే మట్టిలో మరుసటి ఏడు కంద నాటినచో పాత తెగులు మరల వచ్చును.

లెక్క చూడుడు

90 సెంటీమీటర్ల ఎడమున నాటినచో ఎకరమునకు సుమారు 5,000 గుంటలు పట్టును. 10 సెంట్లకు 500 గుంటలు. గుంటకు అరకిలో చొప్పున 10 సెంట్లకు 250 కిలోల విత్తనము కావలెను. కొబ్బరి మొదళ్ళ చుట్టు రెండు మీటర్లు వదలినచో కొంత తగ్గును.

ఇప్పుడు 25 ఇండ్లవారు ఇంటికి 28 సంచుల చొప్పున పెట్టిరనుకొందము. మొత్తము 700 ముక్కలు. బరువు 70 కిలోలు. పోషణ బాగున్నచో ముక్కకు అరకిలో ప్రాంతపు దుంపను ఆశింపవచ్చును. నాలుగింట ఒకటి చచ్చినదని, లేక చిన్నదైనదని తీసివేసినను 525 దుంపలు మిగులును. 500 దుంపలు 10 సెంట్లకు సరిపోవును. తక్కిన 25 వచ్చే ఏటి సంచుల విత్తనములో చేరును. 250 కిలోలు కొనవలసిన చోట 70 కిలోలు కొన్నచో సరిపోయినది. ఈ రెండింటి భేదము 180 కిలోలు. దానిని మీ ఊరి ధరతో హెచ్చవేసినచో లాభము తెలియును.

ఖర్చు వైపును గూడ చూడవలెను. 28 సంచులకు ఇంటికి సుమారు 190 లీటర్ల చివికిన పశువుల ఎరువు కావలెను. పశువులు లేని ఇంటివారు అంత ఎరువు కొన్నచో లాభము హరించిపోవును. అట్టివారు పది సంచులతో తృప్తిపడుట మేలు. ఫలితము చేతికి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టునని గూడ ముందే చెప్పవలెను.

మూత్రపిండ వ్యాధి గల ఇండ్లలో

ఉద్దానములో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అనేక సంవత్సరములుగా కుటుంబములను కృంగదీయుచున్నది. దాని కారణము ఇదమిత్థమని ఇంకను నిర్ధారణ కాలేదు. ఈ వ్యాధిగ్రస్తుల కొరకు 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రముతో గూడిన ఆసుపత్రి ప్రారంభమైనది. దుంపల గురించి చెప్పునపుడు ఈ సంగతిని మరువరాదు.

కంద, బంగాళాదుంప, చిలగడదుంప మూడింటను పొటాషియము హెచ్చు. పాడైన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు; రక్తములో అది పెరిగినచో గుండెకే అపాయము. కందలో ఆక్సలేటులు గూడ కలవు. ముక్కలను సన్నగా తరిగి, ఎక్కువ నీటిలో నానబెట్టి, మరల ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో పొటాషియము కొంత తగ్గును. అయినను ఎంత తినవచ్చును, అసలు తినవచ్చునా అను విషయమును వైద్యుడే నిర్ణయింపవలెను. ఇంటిలో పండినది గదా అని రోగికి వడ్డించుట ప్రేమ కాదు. రోగి ఉన్న ఇంటివారు ఈ పంటను విత్తనముగా అమ్మి ఆ డబ్బును చికిత్సకు వాడుకొనుట ఉత్తమము. పైరుకు పురుగుమందు వలదనుటకు, త్రాగునీటిని సంచులకు పోయవలదనుటకు గూడ ఇదియే హేతువు. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా తెచ్చు నీరు ప్రజల ఆరోగ్యము కొరకు తెచ్చినది.

పంచాయతీ చేయవలసిన పనులు

మొదటి ఏడు గ్రామమంతటికి ఆశచూపక, పది ఇండ్లతో ప్రారంభింపుడు. భూమి లేని కుటుంబములకు, పొదుపు సంఘపు స్త్రీలకు ముందు అవకాశమియ్యుడు. విత్తనము కొనునపుడు రైతు సేవా కేంద్రము ద్వారా ఉద్యానశాఖవారిని, ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని సంప్రదించి, తెగులు లేని గజేంద్ర విత్తనము ఎచ్చట దొరకునో తెలిసికొనుడు.

ప్రతి ఇంటికి ఇచ్చిన విత్తనపు బరువు, నాటిన తేదీ, మొలచిన సంచుల సంఖ్య, త్రవ్విన దుంపల బరువు ఒక పుస్తకములో వ్రాయుడు. ఒకడు బాగుగా పండెనని, ఒకడు ఏమియు పండలేదని చెప్పు మాటలకంటె ఆ పుస్తకము విలువైనది. గ్రామసభలో దానిని చదివి వినిపించినచో ఎవరి పెరటిలో ఏమి లోపమైనదో అందరికి తెలియును.

విత్తనము తీసికొన్నవారు పంట వచ్చిన పిమ్మట తూకమునకు రెట్టింపు తిరిగి ఇయ్యవలెనని ముందే తీర్మానము చేసికొనుడు. 3 కిలోలు తీసికొన్నవారు 6 కిలోలు ఇచ్చినను వారికి మిగులు ఉండును. మరుసటి ఏడు మరి పది ఇండ్లకు విత్తనము లభించును. తుపానువలనగాని తెగులువలనగాని నష్టపోయినవారిని ఆ బాకీనుండి విడిచిపెట్టుట న్యాయము. నిలువకు గాలి వెలుతురు గల ఒక గదిని పంచాయతీ కేటాయించినచో చిన్న ఇండ్లవారికి మేలగును.

తుపాను మరల రాదని ఎవరును హామీ ఇయ్యలేరు. 2013లో పైలిన్, 2018లో తిత్లీ ఈ తీరమునకే వచ్చినవి. పెరటిలో విత్తనము గల గ్రామము మరుసటి వేసవికి తన పైరును తానే వేసికొనగలదు. వచ్చు ఏప్రిల్‌లో ముక్కలు నాటవలెనన్నచో కొబ్బరిపొట్టు కుప్ప ఈ వానకాలములోనే వేయవలెను. కనుక వచ్చే సమావేశపు చర్చనీయాంశములలో ఈ విషయమును చేర్చుడు.